ఫైరింజను తిరిగే చోటు

ఫోను మోగేసరికి నిషాద్ సగం గడ్డమే గీసుకుని ఉన్నాడు. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మీద నురగ. చేతులు తడిగా ఉన్నాయి, నువ్వే ఎత్తమని కళ్ళతో సైగ చేశాడు. అవతల మా ఆర్కిటెక్టు దారా సాహెబ్. పార్సీ పెద్దమనిషి, ఇల్లు అంటుకున్నా నింపాదిగానే మాట్లాడతాడు.

"కేతకీ, నువ్వేనా? మీ ఆయన నిలబడి ఉన్నాడా, కూర్చుని ఉన్నాడా?"

"నిలబడే ఉన్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు."

"అయితే ముందు ఆ బ్లేడు లాక్కో. తరవాత చెప్పు, ఓసీ వచ్చేసిందని."

నేను బ్లేడు లాక్కోలేదు. "ఓసీ" అని మాత్రం అన్నాను. నిషాద్ బేసిన్ పక్కన నేల మీదే చతికిలబడ్డాడు. ఏడుస్తాడేమోనని నేనూ పక్కన కూర్చున్నాను. అతను నా మొహంలోకి చూసి, "టీ ఉందా?" అని అడిగాడు.

ఓసీ అంటే కట్టిన భవనంలో మనుషులు చేరి కాపురం ఉండవచ్చని ఇచ్చే అనుమతి. అది రానంతవరకు ఎంత గొప్ప భవనమైనా ఉత్త సిమెంటే. వేసవిలో మా పెళ్ళయింది. అప్పటినుంచి ఆ రెండక్షరాలు మా ఇంట్లో మూడో మనిషిలా మాతోనే తిన్నాయి, మాతోనే పడుకున్నాయి. సినిమాకి వెళ్దామంటే ఓసీ రానీ అనేవాడు. మహాబలేశ్వర్ వెళ్దామంటే ఓసీ రానీ. ఒకసారి నిద్రలో నా భుజం తట్టి, "పైపులు సరిచేయించాం సార్, వచ్చి చూడండి" అన్నాడు. ఆ ఉదయం టీ తాగుతుంటే అతని భుజాలు నెమ్మదిగా కిందికి దిగడం చూశాను. అవి అసలుండే చోటు అంత కిందని నాకు అప్పటిదాకా తెలియదు. నా భర్త నేననుకున్నదానికంటే కాస్త పొట్టి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మాది సాతారా. ఎకనామిక్స్‌లో ఎమ్మే చదివాను. అబ్బాయి బిల్డరని తెలిసినప్పుడు మా ఆత్య, అంటే మా నాన్న చెల్లెలు, పెదవి విరిచింది. "కట్టింది ఒక్కటే భవనమట, అదీ ఇంకా పూర్తి కాలేదట. మొదటి పూరన్‌పోళీ ఎప్పుడూ పెనం మీద చిరిగిపోతుంది" అంది. చిరిగిన పోళీ కూడా తియ్యగానే ఉంటుంది కదా అన్నాను. దానికి ఆవిడ, "ఇదిగో, దీనికి అబ్బాయి నచ్చాడర్రా" అని ఇంటిల్లిపాదికీ చాటింది.

నిషాద్ పుట్టింది ముంబయి గిర్‌గావ్‌లో, పింపుట్కర్ వాడీలో. ఒక వరండా పొడుగునా వరసగా ఒంటి గదులు, మధ్యలో వాకిలి, రోడ్డు వైపు దుకాణాలు. అతని తండ్రి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. నిషాద్ ఇంజినీరింగ్ చదివి ఒక పెద్ద బిల్డరు దగ్గర చేరాడు. అద్దాల మేడలు కట్టడం అక్కడ నేర్చుకున్నాడు. ఆ మేడల కింద నిన్నటిదాకా ఉన్న కిరాణా కొట్టూ పిండిమరా ఏమైపోతాయో కూడా అక్కడే చూశాడు. వాడీ పైకప్పు కూలే రోజులు వచ్చినప్పుడు ఉద్యోగం మానేసి వచ్చి, "మనది మనమే కట్టుకుందాం, నేను కడతాను" అన్నాడు. కింద పాత దుకాణాలన్నీ మళ్ళీ రోడ్డు మీదికే, వాటిపైన డాక్టర్ల, వకీళ్ళ గదులు, ఆపైన పాత కాపురాలు, అన్నిటికన్నా పైన అమ్ముకునే కొత్త ఇళ్ళు. పైవాటి డబ్బుతో కిందివి లేస్తాయి. చెప్పడానికి తేలికే. పిండిమర అదురుకి పైన డాక్టరు సూది గురి తప్పకూడదు, హోటలు తాలింపు వకీలు ముక్కుకి తగలకూడదు, ఇళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు దుకాణాల రద్దీలోంచి నడవకూడదు. ఇవన్నీ అతను నాకు పెళ్ళిచూపుల్లోనే చెప్పాడు. వేరే ఏ అబ్బాయీ పెళ్ళిచూపుల్లో తాలింపు పొగ ఎటు పోతుందో అంత ఆసక్తిగా చెప్పి ఉండడు.

అందరి సంతకాలు తీసుకునేటప్పుడు నిషాద్ వాడీవాళ్ళకి ఒక మాట ఇచ్చాడు. వాడీ గణపతి పందిరి ఎప్పటినుంచో ఆ వాకిట్లోనే వేస్తారు. భవనం కూలగొట్టాక గణపతి బాప్పాని మునిసిపల్ బళ్ళో బెంచీలు పక్కకి జరిపి కూర్చోబెడుతూ వచ్చారు. ఈ ఏడాది చవితికి బాప్పా సొంత వాడీలో కూర్చుంటాడని నిషాద్ మాట. ఎల్లుండే చవితి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పక్కనే ఉన్న టాంబట్ వాడీ వాళ్ళు తమ వాడీని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి ఈ ఆదివారం కూర్చుంటున్నారు. ఒకవైపు గాజుపెట్టెలో బొమ్మభవనం తెచ్చి చూపించిన పెద్ద కంపెనీ, ఇంకోవైపు మా ఆయన. "తన వాడీ దేవుడికిచ్చిన మాట నిలబెడతాడేమో చూద్దాం" అన్నారట. నిలబెడితే నిషాద్‌కి రెండో భవనం. లేకపోతే అతను ఒక్క భవనం కట్టి, మళ్ళీ ఎవరి దగ్గరో ఉద్యోగానికి చేరిన మనిషి.

టీ గ్లాసు కింద పెట్టగానే చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. గడ్డం సంగతి నేను గుర్తుచేసే లోపే మెట్లు దిగిపోయాడు. మేము అద్దెకుండేది ఠాకుర్‌ద్వార్‌లో, నడిచి వెళ్ళే దూరమే. దారిలో అతన్ని అందుకున్నాను, పంచడానికి పేఢాలు కొన్నాం. పేఢాల కొట్టాయన నిషాద్ మొహం రెండు వైపులా చూసి, "ఏమైంది భావూ, మంగలి మధ్యలో వదిలేసి పారిపోయాడా?" అన్నాడు.

మేము చేరేసరికి కబురు మాకన్నా ముందే చేరిపోయింది. చుట్టుపక్కల అద్దె గదుల్లో తలదాచుకున్న పాత కాపురాలన్నీ గేటు దగ్గరే ఉన్నాయి. గేటు మీద పింపుట్కర్ వాడీ అనే రాసి ఉంది. పై ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకర్లు పేరు చివర హైట్స్ అని తగిలించమని చాలా పోరారు. "మా ఎత్తు మాకు తెలుసు" అని బాపూకాకా వాళ్ళని పంపేశాడట.

బాపూకాకా గణపతి మండలి అధ్యక్షుడు. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఎవరు వచ్చినా ముందు గడియారం చూస్తాడు. సులభాకాకూ, కాకూ అంటే పిన్ని, మండలిలో ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడుతుంది. నిషాద్‌ని చిన్నప్పుడు వరండాలో పరుగెత్తించి పట్టుకుని నూనె రాసిన చేయి ఆవిడది. అందుకే ఆవిడకి అతను ఇప్పటికీ బాబ్యానే.

"బాబ్యా, ఇటు రా" అంది. రెండు చేతులూ అతని తల చుట్టూ తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. "ఎంత చిక్కిపోయావురా. వహినీ, వీడికి తిండి పెడుతున్నావా, ఓసీ పెడుతున్నావా?"

వహినీ అంటే వదిన. వాడీలో ముసలివాళ్ళు కూడా నన్ను అలాగే పిలుస్తారు. ఎవరైనా అలా పిలిస్తే నేను ఇప్పటికీ కాస్త ఆలస్యంగా, కాస్త ఎక్కువగా నవ్వుతాను.

ఆడవాళ్ళంతా లిఫ్టులో ఎక్కారు, పైకి వెళ్ళారు, దిగారు, మళ్ళీ ఎక్కారు. నేనూ ఎక్కాను. ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు ఆగి, తలుపు మీద అరచేయి ఆనించి, లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చారు. పాలు పొంగించాకే అడుగుపెట్టాలని. వంటింటి కిటికీలోంచి సముద్రం గాలి వస్తోందని ఒకావిడ, రావడం లేదు అది లిఫ్టు ఫ్యానని ఇంకొకావిడ. ఎంత బాగుందో ఆ గొడవ. నేను ఇద్దరినీ సమర్థించాను.

కిందికి వచ్చేసరికి బాపూకాకా వాకిట్లో నిలబడి ఉన్నాడు. వెనకే వెదుళ్ళ బండి. పందిరివాడు గడ్డపార పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పరా బాబ్యా. గుంతలు ఎక్కడ తియ్యమంటావు?"

నిషాద్ వాకిలి వైపు చూశాడు. చూస్తూ ఉండగానే అతని మొహం మారిపోయింది. సగం గడ్డంతో ఉన్నవాడి మొహం మారితే ఇంకా ఘోరంగా కనిపిస్తుంది.

"ఇక్కడ వద్దు కాకా."

"ఇక్కడ కాక మీ అత్తారింట్లోనా?"

అందరూ నవ్వారు. నిషాద్ నవ్వలేదు. "ఇది ఫైరింజను వచ్చి తిరిగే చోటు. ఖాళీగా ఉంచాలి."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"సుద్దముక్కతో గీసి మరీ చూపించావు కదరా" అన్నాడు బాపూకాకా. "ఇక్కడ బాప్పా, ఇక్కడ భజన చేసేవాళ్ళు, ఇక్కడ చెప్పులు. నా కళ్ళారా చూసి సంతకం పెట్టాను."

"గీశాను."

"మరి ఫైరింజన్ని ఎక్కడ గీశావు?"

"ప్లానులో."

జరిగింది ఇదీ. మొదటి ప్లానులో ఇంజను వెనకవైపు నుంచి రావాలి. తరవాత డాక్టరు గదికి విడిగా మెట్లు కావలసివచ్చి ప్లాను మార్చారు. ఇంజను దారి వాకిట్లోకి వచ్చింది. ఆ మార్పు మీద సంతకం పెట్టింది నిషాదే. కానీ ఆ వాకిలి తలుచుకున్నప్పుడల్లా చిన్నప్పటినుంచీ చూసిన పందిరే అతని కళ్ళ ముందు కనిపించేది. మనసులో గణపతి, ప్లానులో ఫైరింజను. ఒకే చోటు ఇద్దరికీ ఇచ్చేశాడు. వాడీలో పుట్టని బిల్డరైతే ఈ పొరపాటు చేసేవాడు కాదు.

"పది రోజులేగా" అన్నాడెవరో. "ఎవరొచ్చి చూస్తారు? ఓసీ ఎలాగూ చేతికొచ్చేసింది."

"వేసెయ్యండి పందిరి" అన్నారు ఇంకొకరు. "బాప్పాని లేపమని ఎవరంటారో మేమూ చూస్తాం."

పందిరివాడు గడ్డపార ఎత్తాడు. నిషాద్ అతని ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"వద్దు. పరుపుల కొట్టు అంటుకున్న రోజు మీరంతా ఇక్కడే ఉన్నారు. నేను కాకూ చంకలో ఉన్నాను."

ఆ మాటతో పెద్దవాళ్ళ చూపులు నేల మీదికి దిగాయి. నాకు ఆ కథ తెలియదు. సులభాకాకూ నా వైపు తిరిగి చెప్పింది. "పత్తి కదమ్మా, గుప్పున లేచింది. ఇంజను వచ్చింది కానీ సందు మొగలోనే ఇరుక్కుపోయింది. గంట మోగుతూనే ఉంది, మేము బిందెలు అందించుకుంటూనే ఉన్నాం. మనుషులు దక్కారు, అది బాప్పా దయ. వీడు చెప్పింది తప్పు కాదు బాపూ. ఆ గడ్డపార దించమను."

గడ్డపార దిగింది. బాపూకాకా గొంతు మాత్రం దిగలేదు. "తప్పని నేనన్నానా? ఒప్పే. అయితే ఈ ఒప్పుతో బాప్పా మళ్ళీ బళ్ళో బెంచీల మధ్యకే వెళ్ళాలా? నాలుక మీదేమో దేవుడు, చేతిలోనేమో ఫైరింజను. మేము ఇంట్లోవాళ్ళం కాబట్టి ఊరుకుంటాం. టాంబట్ వాడీకి ఏం చెప్తావు? వాళ్ళ పెద్ద శిరోడ్కర్ ఇదిగో ఇక్కడే నిలబడి నీ పేఢా తింటున్నాడు."

నిజంగానే తింటున్నాడు. సన్నగా పొడుగ్గా, గొడుగు చంకలో పెట్టుకున్న మనిషి. "నేను పేఢా మాత్రమే తింటున్నాను. నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు. కానీ కదలలేదు.

నిషాద్ నా చేయి పట్టుకుని పక్కనున్న తలుపు తీసి లోపలికి నడిచాడు. అది మూల దుకాణం. భవనం మొత్తంలో మాకంటూ మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ పాతవాళ్ళవి, కొన్నవాళ్ళవి. దాని అద్దె మీదే మా కాపురం నడవాలి. రెండు రోడ్లకీ గాజుగోడలు, ఎత్తైన కప్పు, కొత్త నేల. నిషాద్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అతని చెవి వెనక ఇంకా నురగ ఉంది. పమిట చెంగుతో తుడిచాను. కొత్త సున్నం వాసనకి దగ్గాను. ఆ దగ్గు గదంతా చుట్టి, నాకంటే పెద్దమనిషి ఎవరో దగ్గినట్టు తిరిగొచ్చింది.

ఇంకోసారి దగ్గాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఇక్కడ ఆరతి పాడితే ఎలా ఉంటుందో చూస్తున్నాను."

అతను కళ్ళు తెరిచాడు. కప్పు వైపు, తలుపు వెడల్పు వైపు, రోడ్డు వైపు చూశాడు. మొహంలోకి వెలుగు వచ్చినంత వేగంగానే పోయింది. "ఇది మన్సుఖ్‌భాయ్‌ది. అద్దెకి తీసుకుని చీరల దుకాణం పెడుతున్నాడు. చవితి రోజు తాళం ఇస్తానన్నాను. ముహూర్తం కూడా పెట్టించుకున్నాడు. ఒక మాట నిలబెట్టడానికి ఇంకో మాట తప్పమంటావా?"

"తప్పమనలేదు. అడగమంటున్నాను."

"కాదంటే? అవతల ఎవరిదో దుకాణం తీసుకుంటానంటే?"

"అప్పుడు మనం సాతారా వెళ్ళి ఆత్య చేత మాటలు పడదాం. ఆవిడ పోళీలు మాత్రం బాగా చేస్తుంది."

అతను నవ్వాడు. నవ్వాక ఫోను తీశాడు.

మన్సుఖ్‌భాయ్ వచ్చేలోపు సులభాకాకూ నిషాద్‌ని ఎదురుగా ఉన్న మంగలి కొట్టులోకి తోసింది. "వ్యాపారస్థుడి ముందు సగం మొహంతో నిలబడతావా? అప్పు తీర్చలేక పారిపోతున్నాడనుకుంటాడు" అంది. అతను రెండు చెంపలతో తిరిగొచ్చేసరికి మన్సుఖ్‌భాయ్ కూడా మూల దుకాణంలోకి వచ్చాడు, వెనకే మిగతావాళ్ళంతా. తెల్ల చొక్కా, గుండ్రటి పొట్ట. ముందు పేఢా తిన్నాడు, తరవాత కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, ఆ తరవాతే "చెప్పు భాయ్" అన్నాడు.

నిషాద్ ఏదీ దాచలేదు. వాకిట్లో ఇచ్చిన మాట, ప్లాను మారడం, తను మర్చిపోవడం అన్నీ చెప్పాడు. "తప్పు నాది. నష్టం మాత్రం మిమ్మల్ని అడుగుతున్నాను. కాదంటే చవితి రోజు తాళం మీ చేతిలో ఉంటుంది, అనుమానం లేదు."

"అంటే నా ముహూర్తం అడుగుతున్నావు."

"అవును."

"అనంత చతుర్దశికి నిమజ్జనం అయ్యేదాకా."

"అవును."

మన్సుఖ్‌భాయ్ గాజులోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళని చూస్తూ నిలబడ్డాడు. "మీ బాప్పా దర్శనానికి జనం బాగా వస్తారా?"

"లైను ఠాకుర్‌ద్వార్ దాకా ఉంటుంది" అన్నాడు బాపూకాకా.

"లైనెప్పుడుంది బాపూ?" అంది కాకూ. "ఆరతికి మనమే, ప్రసాదానికి మాత్రం పక్క వాడీ వాళ్ళు."

శిరోడ్కర్ ఇంకో పేఢా నోట్లో వేసుకుని కప్పు వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ వాకిట్లో దాక్కుని కూర్చున్నాడు కాబట్టి లేదు" అన్నాడు బాపూకాకా. "రోడ్డు మీదికి వస్తే ఎందుకుండదు?"

"ఉంటుంది" అని మన్సుఖ్‌భాయ్ తల ఊపాడు. "సరే, ఇస్తాను. నా కలశం కూడా అదే ముహూర్తానికి బాప్పా పక్కనే పెట్టుకుంటాను. అంతకన్నా మంచి బోణీ ఏముంటుంది? ఒకటే మాట. వెనక గోడకి నా దుకాణం బోర్డు ఉంటుంది. కాస్త పెద్దది."

బాపూకాకా ముందుకొచ్చాడు.

"బాప్పా తల మీద నీ బోర్డా? మా మండలి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క బ్యానరు కట్టలేదు. పళ్ళపొడి కంపెనీవాడు డబ్బు సంచీతో వస్తే మెట్ల మీంచే తిప్పి పంపాం. బళ్ళో అయినా కూర్చుంటాడు కానీ బోర్డు కింద కూర్చోడు."

"అయితే నా పది రోజులు ఉత్తినే పోనా? నేను నడిపేది వ్యాపారం భాయ్, ధర్మసత్రం కాదు."

"నిన్నెవరు ధర్మం చెయ్యమన్నారు?"

"ఇప్పుడే అడిగారు."

ఇద్దరూ చెరో తలుపు వైపు తిరిగారు. ఆ దుకాణానికి రెండు రోడ్ల వైపూ తలుపులుండడం అప్పుడు నాకు పెద్ద లోపంలా కనిపించింది. నిషాద్ మధ్యలో నిలబడి ఎవరిని ఆపాలో తెలియక ఇద్దరి వైపూ చేయి చాచాడు.

"మన్సుఖ్‌భాయ్" అని పిలిచింది సులభాకాకూ తాపీగా. "ఈ దుకాణంలో మీరు అమ్మేవేంటి?"

"పైఠణీ చీరలు కాకూ. నారాయణపేట చీరలు కూడా."

"బాపూ, వెనక గోడకి ఈ ఏడు మండలి కట్టేదేంటి?"

"రంగు కాగితాలు. ఏటా కట్టేవే."

"గంట వానకి రంగు కారిపోయేవేగా. వాటి బదులు పైఠణీలు వేలాడదియ్యి. పైనుంచి కిందికి, కుచ్చిళ్ళు పోసి, అంచులు ముందుకి. కొంగుల మీది నెమళ్ళన్నీ బాప్పా వైపు చూస్తుండాలి."

దుకాణంలోకి చేరిన ఆడవాళ్ళందరం ఒకేసారి ఆ గోడని చూశాం. అక్కడ ఇంకా ఏమీ లేదు, ఉత్త సున్నం. అయినా మాకు అప్పటికే అన్నీ కనిపించాయి. ఊదా రంగు పక్కన చిలకపచ్చ ఉండాలని ఒకావిడ, చిలకపచ్చ పక్కన మామిడిపండు రంగని నేను.

"మరి నా పేరు?" అన్నాడు మన్సుఖ్‌భాయ్.

"పేరెందుకు? అంత మంచి చీర చూసి ఎక్కడిదని అడగకుండా వెళ్ళే ఆడది గిర్‌గావ్‌లో ఉందా? అడిగిన ప్రతిదానికీ మేం చెప్తాం. మీ బోర్డు చదవడానికి కళ్ళు కావాలి, మేము చెప్పేది గుడ్డివాళ్ళకి కూడా వినిపిస్తుంది."

"అగరుబత్తుల పొగ, కుంకుమ, పిల్లల చేతులు... చీరలు మాసిపోవా?"

"బాప్పా వెనక వేలాడిన పైఠణీ అమ్మకానికి పెడితే ముందు ఎవరు కొంటారో అడుగుతాను, చూడండి."

ఆవిడ అడగనే లేదు. నలుగురైదుగురు చేతులెత్తేశారు. నా చెయ్యి కూడా లేచి ఉందని నిషాద్ చూసేదాకా నాకే తెలియదు.

మన్సుఖ్‌భాయ్ కళ్ళద్దాలు మళ్ళీ తుడిచాడు. ఈసారి నవ్వుతూ. "సరే. చీరలు మాత్రం నేనే ఎంచుతాను."

"మీరా? మగవాళ్ళు ఎంచిన రంగులు మా పెళ్ళిళ్ళలో చూశాం. మేము ఎంచుతాం, మీరు మడతలు విప్పండి."

"బోర్డు లేదు కదా?" అన్నాడు బాపూకాకా.

"లేదు."

"చిన్నది కూడా?"

"చిన్నది కూడా లేదు భాయ్."

"అయితే మండలికి అభ్యంతరం లేదు." ఆ మాట అని ఆయన గడియారం చూసుకున్నాడు, తీర్మానం ఏ వేళకి జరిగిందో గుర్తుపెట్టుకోవడానికన్నట్టు.

నిషాద్ అందరి వైపూ తిరిగాడు. "చోటు మారినందుకు ఎవరికైనా కష్టంగా ఉంటే ఇప్పుడే తిట్టండి."

"కూర్చోబెడతానన్నది వాడీలోనేగా" అన్నాడు బాపూకాకా. "ఇది వాడీ కాదా? లోపలి గది మారి ముందు గదిలోకి వచ్చాడంతే. తిట్టడానికి పది రోజులున్నాయి, తొందరేం లేదు. ఒరేయ్, వెదుళ్ళు వెనక్కి తీసుకెళ్ళు. రెండు మాత్రం ఉంచు, తోరణానికి."

పిండిమర నడిపే ఆయన అప్పటికే ఆరతి పాట ఎత్తుకున్నాడు. కొత్త గోడల మధ్య అది ఎంత బాగా మోగిందంటే, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి గాజులోంచి తొంగిచూశారు. నిషాద్ పాడలేదు. నా పక్కన నిలబడి నా చిటికెన వేలు పట్టుకున్నాడు, ఎవరికీ కనబడకుండా. అందరికీ కనబడింది.

పాట అయ్యాక శిరోడ్కర్ గొడుగు సర్దుకుని దగ్గరికి వచ్చాడు. "ఒకటి అడుగుతాను. మా వాడీలో ఫైరింజను తిరుగుతుందా?"

నిషాద్ వేలితో గాలిలో ఒక మలుపు గీసి చూశాడు. తిరుగుతుందని చెప్పేస్తే ఎంత బాగుండునో.

"ఇప్పుడున్నట్టయితే తిరగదు. తిరగాలంటే మీ దత్తమందిరం పక్క గది వదులుకోవాలి. కారమ్‌బోర్డు ఆడే గది."

"ఆ గాజుపెట్టెవాళ్ళు అక్కడ పూలమొక్కలు చూపించారు."

"పూలమొక్కలు నేనూ చూపించగలను. గది మాత్రం పోతుంది."

శిరోడ్కర్ గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఆదివారం మా మీటింగుకి రా. ఇదే మాట మా వాళ్ళ ముందు చెప్పు. కారమ్‌బోర్డు వాళ్ళు అరుస్తారు. అరవనీ. ఇందాక గడ్డపార ముందు నిలబడ్డట్టే నిలబడు. మిగతాది నేను చూసుకుంటాను. చేతిలో భవనం బొమ్మ అక్కర్లేదు, మొహం చాలు."

ఆయన వెళ్ళిపోయాక నిషాద్ భుజాలు ఉదయం టీ దగ్గర దిగినదానికన్నా కాస్త కిందికి దిగాయి. అంత చోటు ఉందని నేను అనుకోలేదు. "రెండో భవనం" అన్నాను అతని చెవిలో. "ఇంకా కాదు" అన్నాడు. కానీ అతని చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం వెలుగు గాజుగోడల్లోంచి అడ్డంగా పడుతుంటే ఎవరో టీ తెప్పించారు. ఇంటికెళ్ళాలని ఎవరికీ లేదు. ఇంకా కాపురాలు చేరకుండానే ఇంట్లో ఉన్నట్టుంది. అప్పుడు సులభాకాకూ దుకాణం గడప మీద నిలబడి చప్పట్లు కొట్టింది.

"అందరూ వినండి. రేపు హర్తాళికా వ్రతం, ఆడవాళ్ళకి ఉపవాసం. కొత్తకోడలికి మొదటిది. ఉపవాసం రోజు ఆకలి తెలియకుండా ఉండాలంటే చీరలు చూడడమే మందు. అందుకని ఆడవాళ్ళందరూ పదింటికల్లా మన్సుఖ్‌భాయ్ పాత దుకాణం దగ్గరుండాలి. మొదటి చీర వహినీ ఎంచుతుంది. మధ్యాహ్నం దాకా వాటిని గోడకి కట్టడం. ఎవరూ టీ అడగొద్దు, మేం పెట్టం."

"నాలుగింటికి" అన్నాడు బాపూకాకా, "బాప్పాని తీసుకురావడానికి లాల్‌బాగ్ విగ్రహాల కొట్టుకి వెళ్ళే బండి గేటు దగ్గర ఉంటుంది. డోలువాళ్ళు అక్కడే కలుస్తారు. బాబ్యా ముందు కూర్చుంటాడు, విగ్రహం ఒళ్ళో పెట్టుకోవడానికి కాదు, దారి చెప్పడానికి. వాకిట్లోకి తిప్పకుండా నేరుగా ఈ తలుపు దగ్గరే దింపుతాం. నాలుగంటే నాలుగే. ఎవరికోసమూ బండి ఆగదు."